నీరు తోడిన చాలునా?

మన తెలుగు సంఘముల సభలలో వైద్యమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల రెండు గొప్పలు వినబడుచుండును. మొదటిది, మన పూర్వులకు తెలియనిది లేదు, పాశ్చాత్యులు మన తాళపత్రములను పట్టుకొనిపోయి మరల మనకే అమ్ముచున్నారు అనునది. రెండవది, మనవారి వైద్యమంతయు మూఢవిశ్వాసము, తెల్లవారు ఓడ దిగునంతవరకు ఈ దేశమున రోగికి దిక్కే లేకుండెను అనునది. మొదటి గొప్పను పెద్దలు వేదికపై చెప్పుదురు. సభ చప్పట్లు కొట్టును. రెండవదానిని పిల్లలు ఇంటికి పోయిన పిదప చెప్పుదురు, పెద్దలు నొచ్చుకొందురు. ఈ రెండును అసత్యములని మా అభిప్రాయము. అసత్యములగుటయే కాదు, అపాయకరములు కూడ. ఏలయన, ఈ రెండింటిలోను రోగి కానరాడు. ఎవరు గొప్ప అను వాదమే గాని, ఉబ్బిన కాళ్లతో మంచముపై కూర్చుండి ఊపిరికై పెనుగులాడు మనిషికి ఏమి జరుగుచున్నదను ప్రశ్న ఎవరికిని తోచదు.

ఈ వాదమును గాలిలో గాక నేలపై నిలుపుటకు ఒక్క వ్యాధిని ఎన్నుకొందము. మొదట పాదములు వాచును. వ్రేలితో నొక్కిన గుంటపడి మెల్లగా పూడును. పిమ్మట పొట్ట కుండవలె ఉబ్బును, వెల్లకిల పరుండిన ఊపిరి ఆడదు, మూత్రము తగ్గును. మన ఇండ్లలో దీనిని “ఒంటికి నీరు పట్టినది” అందురు. శాస్త్రములలో శోఫము, ఉదరము, జలోదరము అను పేళ్లు కలవు. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లేయులు డ్రాప్సీ అనిరి. ఆ శతాబ్దమున ఇచ్చటను అచ్చటను వైద్యులలో పెక్కురు దీనిని ఒక వ్యాధిగనే ఎంచిరి. నీటిని వెడలగొట్టుటయే దానికి చికిత్స అనుకొనిరి. కాని నీరు వ్యాధి కాదు, వ్యాధి చూపు గుర్తు. గుండె గాని, మూత్రపిండములు గాని, కాలేయము గాని, తుదకు మనము తినెడి అన్నము గాని దానికి మూలము కావచ్చును. ఈ మాట తేలుటకు నూరేండ్లకు పైబడి పట్టినది. దానిని తేల్చినది పూర్వుల గొప్ప కాదు, జయాపజయములను రెంటిని వ్రాసిపెట్టిన లెక్క అని మేము ఇచ్చట చెప్పదలచినాము.

రాయపురమున కాపురముండు మనకు ఈ చర్చ దూరపుది కాదు. 1782లో హైదరాలీ యుద్ధములవలన పల్లెలు పాడై, కరవు పుట్టి, జనము చెన్నపట్టణమునకు పరుగెత్తి వచ్చినప్పుడు, వారికి గంజి పోయుటకు ఈ ప్రాంతముననే ఒక సత్రము వెలసినది. గ్రామాధికారియైన మణియకారుని పేరు ఆంగ్లేయుల నోట మారి అది మోనెగార్ సత్రమైనది. వేంకటగిరి రాజావారి సత్రము కూడ దానితో చేరినది. ఆ ధర్మమున మన తెలుగు జమీందారుల చేయి ఉన్నది. 1799లో జాన్ అండర్‌వుడ్ అను కంపెనీ వైద్యుడు దేశీయ రోగులకొరకు ఒక వైద్యశాలను నెలకొల్పెను. ఆ గంజి సత్రమును, ఆ వైద్యశాలయు కలిసి పెరిగినదే నేటి స్టాన్లీ ఆసుపత్రి. 1938లో అచ్చటి వైద్య పాఠశాల స్టాన్లీ వైద్య కళాశాల అయినది. తమిళ సోదరులు ఆ ఆసుపత్రిని నేటికిని కంజితొట్టి ఆసుపత్రి అందురు. ఆ పేరులో ఒక వైద్య సత్యము దాగియున్నది. ఆకలిచే కృశించిన దేహమునకును నీరు పట్టును. కాళ్లు వాచును, ముఖముబ్బును. అట్టి వాపునకు ఏ మూలికయు మందు కాదు, ఏ శస్త్రమును మందు కాదు, గంజియే మందు. పదునెనిమిదవ శతాబ్దమున మన పేటలో వెలసిన తొలి వైద్యము నీటిని తోడలేదు, కడుపు నింపినది. ఇది మన వాదమునకంతకును ఆధారము.

మొదటి గొప్పకు న్యాయము చేసిన పిదపనే దానిని ఖండింతము. చరకసంహిత చికిత్సాస్థానమున వాపునకు ఒక అధ్యాయము, ఉదరరోగములకు వేరొక అధ్యాయము కలవు. ఉదరములు ఎనిమిది విధములు. వానిలో ప్లీహము పెరుగుటవలన కలుగునది ఒకటి, ప్రేవులు మూసికొనిపోవుటవలన కలుగునది ఒకటి, ప్రేవులు చిల్లిపడుటవలన కలుగునది ఒకటి. ఏ ఉదరమునైనను ఉపేక్షించినచో తుదకు నీరు చేరునని చరకుడు చెప్పెను. అనగా నీరు మొదలు కాదు, చివర అని ఆయన ఎరుగును. నీరు నిండిన తోలుతిత్తివలె పొట్ట కదలుట, నొక్కిన వాపు వెంటనే లేచుట, లేక గుంటపడి నిలిచిపోవుట – ఈ గుర్తులన్నియు వ్రాయబడినవి. సుశ్రుతుడు పొట్టకు రంధ్రము చేసి గొట్టము పెట్టి నీరు తీయు విధానము చెప్పెను. ఒక్కసారిగా అంతయు తీయరాదనియు, అట్లు చేసిన దాహము, జ్వరము, ఆయాసము పుట్టుననియు, దినముల యెడమిచ్చి కొంచెము కొంచెముగా తీయవలెననియు, తీసిన పిదప పొట్టను గట్టిగా బట్టతో కట్టవలెననియు హెచ్చరించెను. పిమ్మట ఆరు మాసములు పాలే ఆహారము. తరువాత మూడు మాసములు పాలతో జావ. ఇంకొక మూడు మాసములు పాలతో చామల వంటి తేలిక అన్నము, అదియు ఉప్పు లేకుండ. ఇంతటి పరిశీలన చేసినవారిని మూఢులనుటకు నోరెట్లు వచ్చును?

పదునెనిమిదవ శతాబ్దమున తెలుగు వైద్యుల చేతిలోనుండిన గ్రంథములలో మాధవనిదానము, కొట్టూరు బసవరాజు కూర్చిన బసవరాజీయము ముఖ్యములు. వైద్యుడు మొదట నాడి చూచును. పిమ్మట మూత్రము, మలము, నాలుక, కన్ను, రూపము పరీక్షించును. విరేచనమునకు తెగడ, నేపాళము; మూత్రము జారీయగుటకు పునర్నవ, అనగా మన గలిజేరు, అటికమామిడి; రక్తము తగ్గి పాలిపోయినవానికి ఇనుము చేరిన మండూరము. ఈ మందులు వట్టివి కావు. 1923లో కలకత్తాలో రామనాథ చోప్రా మొదలగువారు పునర్నవను ప్రయోగశాలలోను, రోగులయందును పరీక్షించి, మూత్రము హెచ్చించు గుణము దానికి కలదని ప్రకటించిరి.

ఇప్పుడు రెండవ గొప్పవారిని అడుగుదము. ఆ శతాబ్దమున ఐరోపాలో రోగికి జరిగినదేమి? రక్తము తీయుట, పాదరసపు ఉప్పులు మ్రింగించుట, జలప వంటి తీవ్ర విరేచనములు, అడవియుల్లి జాతి దుంప, కాళ్లకు గాట్లు పెట్టుట, పొట్టకు గొట్టము వేయుట. 1769లో ఎడింబరో ఆచార్యుడు విలియం కల్లెన్ ప్రకటించిన రోగ వర్గీకరణమున నీరువాపులు తాము కూర్చున్న తావునుబట్టియే విభజింపబడినవి: చర్మము క్రిందనున్న ఒకటి, పొట్టలోనున్న ఒకటి, రొమ్ములోనున్న ఒకటి. 1755లో గొప్ప ఆంగ్ల నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ ఈ వ్యాధితోనే 1784 డిసెంబరు 13న లండనులో మరణించెను. పేరుపడిన వైద్యులు చుట్టును ఉండగనే, వారి గాట్లు చాలవని ఆ వృద్ధుడు తన కాళ్లను తానే కోసికొనెను. సుశ్రుతుడు చెప్పిన జాగ్రత్తకంటె ఇది ఏ విధమున మేలు? తెల్లవాని వైద్యము మొదటినుండియు శాస్త్రమని పలుకువారు ఈ మంచము ప్రక్కన ఒక్క క్షణము నిలువవలెను.

మరి, భేదము ఎచ్చట పుట్టినది? అది మందులో పుట్టలేదు, పద్ధతిలో పుట్టినది. 1761లో వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు రొమ్మును వ్రేళ్లతో తట్టి, ధ్వనినిబట్టి లోపల నీరున్నదో గాలియున్నదో చెప్పు విధమును ప్రకటించెను. పూటకూళ్లవాని కుమారుడైన ఆయనకు పీపాను తట్టి మద్యపు మట్టము తెలిసికొనుట చిన్ననాటి విద్య. అదే యేట పాదువాలో వృద్ధుడైన మోర్గాని, బ్రదికియున్ననాటి రోగ లక్షణములను, చనిపోయిన పిదప దేహమును కోసి చూచిన అవయవముల చెరుపుతో జతపరచి పెద్ద గ్రంథము వెలువరించెను. 1764లో నేపుల్సు వైద్యుడు కోటున్యో, వాపుగల సైనికుని మూత్రమును కాచగా అది గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టెనని వ్రాసెను. ఈ మువ్వురిలో ఎవరును కొత్త మందు కనిపెట్టలేదు. మువ్వురును ఒకే ప్రశ్న వేసిరి: నీరు ఎచ్చటనుండి వచ్చినది?

ఆ ప్రశ్నకు చికిత్సలో జవాబు వెదకినవాడు బర్మింగుహాము వైద్యుడు విలియం విథరింగ్. 1775లో ష్రాప్‌షైర్ ప్రాంతపు ముదుసలి యొకతె కుటుంబ రహస్యముగా కాపాడుకొన్న కషాయము ఆయన దృష్టికి వచ్చెను. వైద్యులు వదలిన రోగులు కొందరు దానితో కోలుకొనుచుండిరి. అందులో ఇరువది మూలికలకు పైగా ఉండెను. వానిలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ అను మొక్క, అనగా డిజిటాలిస్, అని ఆయన గుర్తించెను. అటుపిమ్మట పదియేండ్లు ఆయన చేసినదే మనము నేర్వవలసిన పని. ఆకును పూత సమయమున కోసి, ఎండబెట్టి, పొడిచేసి, తూచెను. ఒకటినుండి మూడు గ్రెయినుల పొడిని దినమునకు రెండు మారులు ఇచ్చెను. నాడిని లెక్కించెను. వాంతి, విరేచనము, నాడి మందగించుట, చూపున పచ్చని రంగులు కనబడుట – వీనిలో ఏది కనబడినను మందు ఆపవలెననెను. నాడి బలహీనమై తప్పుచు, పెదవులు నల్లబడి, ఒడలు చల్లబడినవారికి అది మేలు చేయుననియు, దృఢకాయులై నాడి బిగువుగా నున్నవారికి అరుదుగా పనిచేయుననియు వ్రాసెను. 1785లో నూటయేబది మందికి పైగా రోగుల వృత్తాంతములతో గ్రంథము ప్రకటించెను. బ్రదికినవారిని వ్రాసెను, చచ్చినవారిని వ్రాసెను, తాను ఎక్కువ మోతాదు ఇచ్చి బాధపెట్టినవారిని కూడ వ్రాసెను. ఆ పొడి గుండె కొట్టుకొనుటపై పనిచేయుచున్నదని ఆయన కనిపెట్టెనే గాని, వాపునకు మూలము గుండె యని తేల్చి చెప్పలేకపోయెను. ఆయన లెక్క ఉన్నందుననే తరువాతివారు చెప్పగలిగిరి. 1816లో లెయెనెక్ హృదయ ధ్వనులు వినుటకు గొట్టము కనిపెట్టెను. 1827లో లండనులో రిచర్డ్ బ్రైట్ గరిటెలో మూత్రమును దీపముపై కాచి, గడ్డకట్టినవారి మూత్రపిండములు చెడియుండుటను చూపెను. ఒక్క నీరువాపు క్రమముగా గుండెవాపు, మూత్రపిండపు వాపు, కాలేయపు వాపు అని విడిపోయినది.

ఇచ్చట మొదటి గొప్పవారు “చూచితిరా, అది కూడ ఒక నాటు మందే గదా, ముసలమ్మ సొత్తును దొర దోచెను” అందురు. మంచిది. ఆ ముసలమ్మ ఆంగ్లేయురాలే. ప్రతి దేశమునను ముసలమ్మలుందురు, మూలికలుందురు. ఆమెకు తరువాతివారు తగిలించిన మదర్ హటన్ అను పేరు 1928లో ఒక మందుల కంపెనీ ప్రకటనలో పుట్టిన కల్పన. గొప్పలకై కథలల్లుట మన ఒక్కరి దుర్గుణము కాదు. కాని మూలిక తెలిసియుండుట వేరు, ఆ మూలిక ఎవరికి, ఎంత, ఎప్పటివరకు, ఎందరిలో ఎందరికి అని తెలిసియుండుట వేరు. మొదటిది సంపద, రెండవది విద్య. డిజిటాలిస్‌నైనను ఆ విద్య ఊరక వదలలేదు. 1930లో దానినుండి డిజాక్సిన్ అను శుద్ధ ద్రవ్యమును తీసిరి. 1997లో 6,800 మంది రోగులపై జరిగిన పరీక్షలో అది ఆసుపత్రి పాలగుటను తగ్గించినదే గాని మరణములను తగ్గింపలేదని తేలినది. విథరింగ్ గ్రంథము వెలువడిన 212 ఏండ్లకు ఆ మందును బోనెక్కించి తీర్పు చెప్పినవారు, ఆయనను అవమానించినట్లు ఎవరును తలపలేదు.

మన పక్షమున జరిగినదేమి? మన గ్రంథములలో యోగములున్నవి, ఫలశ్రుతులున్నవి, అపజయములు లేవు. ఈ చూర్ణము సర్వోదరములను హరించునని యున్నదే గాని, పదిమందికి ఇచ్చితిమి, నలుగురు చనిపోయిరి అని యెచ్చటను లేదు. తండ్రి కొడుకునకు చెప్పెను. కొడుకు లేనిచో యోగము చితిలో కాలిపోయెను. ఇంకొక సంగతి మరింత సిగ్గుచేటు. 1781 మొదలు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో మన మొక్కలను మనవారి చేతనే బొమ్మలు గీయించి, వాని తెలుగు పేళ్లతో 1795 నుండి కోరమాండల్ మొక్కల గ్రంథమును వెలువరించెను. 1813లో చెన్నపట్టణమున వైట్‌లా ఐన్‌స్లీ ప్రకటించిన ఔషధ గ్రంథమునను తెలుగు పేళ్లున్నవి. మన పెరటి మొక్కల పేళ్లను మనవారిని అడిగి వ్రాసికొన్నవాడు పరదేశి. చెప్పినవారు మనవారే, వ్రాసినవారు మాత్రము మనవారు కారు. దోచిరి అని కేకలు వేయుటకు ముందు, మనము వ్రాయలేదు అను మాట ఒప్పుకొనవలెను.

ఇది కేవలము విద్యా గౌరవమునకు సంబంధించిన కొరత కాదు. ప్రాణములు తీసిన కొరత. తెలుగుదేశమునకు తనదియని చెప్పదగిన నీరువాపు ఒకటి ఉండెను. గంజాము మొదలు మచిలీపట్నము వరకు గల ఉత్తర సర్కారులలో బెరిబెరి అను రోగము పాతుకొనియుండెను. కాళ్లు తిమ్మిరెక్కును, నడక తప్పును, ఒడలు ఉబ్బును, గుండె ఆగును. మద్రాసు సైన్యములోని వైద్యుడు మాల్కంసన్ 1835లో ఈ రోగమును గూర్చి చెన్నపట్టణమున ఒక గ్రంథము ప్రకటించెను. ఆ నాటి వైద్యులు దీనికి తేమ గాలి, చలి, అలసట మొదలైనవానిని కారణములుగా ఊహించిరి. తిరియాక్ ఫారూక్ అను లేహ్యము దివ్యౌషధమని ప్రసిద్ధి కెక్కెను. దేశీయులును వాడిరి, దొరలును వాడిరి. ఒకరు నాడి చూచిరి, ఇంకొకరు దేహము కోసి చూచిరి. నీటిని తోడుటలో ఇరువురును ఒక్కటే. మూలము వారి కన్నుల యెదుటనే, కంచములో తెల్లగా మెరయుచుండెను.

1897లో జావా దీవిని గూర్చి వ్రాసిన ఐక్‌మన్ అను డచ్చి వైద్యుని కోళ్లు ఆ గుట్టును బయటపెట్టినవి. తెల్లగా పాలిషు చేసిన బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోయినవి. తవుడు పెట్టగా లేచినవి. 1926లో ఆ జావాలోనే జాన్సెన్, డోనాథ్ అనువారు తవుడునుండి ఆ ప్రాణద్రవ్యమును స్ఫటికములుగా తీసిరి, అదియే థయామిన్. అది లేనిచో నరములు చెడును, గుండె బలము తప్పును, ఒంటికి నీరు పట్టును. తమిళ సోదరులు వాడు ఉప్పుడు బియ్యమున వడ్లను నానబెట్టి ఆవిరి పట్టుటచేత ఆ ద్రవ్యము తవుడునుండి గింజలోనికి ఇంకును. తరువాత ఎంత తెల్లగా ఆడించినను కొంత నిలుచును. మన సర్కారులవారు పచ్చిబియ్యమును మల్లెపూవువలె దంచిరి, పలుమార్లు కడిగిరి, వండి గంజి వార్చిరి. తవుడు పశువులకు, గంజి కుడితికి పోయినవి. యంత్రపు మరలు వచ్చిన పిదప ఆ తెలుపు మరింత చౌకయైనది. తెల్లని అన్నము కలిగినవారి గుర్తు; దంపుడు బియ్యము లేనివారి గుర్తు. ఆ గొప్పకు మూల్యము చెల్లించినవారెవరు? కూనూరు పోషకాహార పరిశోధనశాల అధిపతి ఎయిక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్, 1941లో మన ఈ జిల్లాల శిశుమరణములను గూర్చి వ్రాసిరి. తల్లి తినునది తెల్లబియ్యమే యైనచో ఆమె పాలలో ఆ ద్రవ్యము చాలదు; రెండు మొదలు అయిదు మాసముల పసికందు, చూచుటకు బొద్దుగా నుండియే, గుండె ఆగి గంటలలో పోవును. బొద్దుతనము నీరని తల్లికి తెలియదు. దృష్టి తగిలినదనుకొనెను. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ పసివారిని పరదేశి చంపలేదు. మన తెలుపు పిచ్చి చంపినది. దానిని కనిపెట్టినది ఏ మహాగ్రంథమును కాదు. ఊరూరు తిరిగి, ఎందరు పుట్టిరి, ఏ నెలలో పోయిరి, తల్లి ఏమి తినెను అని వ్రాసికొన్న లెక్క.

ఇదంతయు గతించిన కథ యందురా? మన ఇండ్లలోనికి చూడుడు. రక్తపు పోటు, మధుమేహము గుండెను, మూత్రపిండములను చెరుచుటయు, కాళ్లకు నీరు దిగుటయు నేడు ఇంటింట కనబడుచున్నవి. నీరు పట్టినవానికి చరకుడు ఉప్పు మాన్పించెను. నేటి గుండె వైద్యుడును మొదట అదే చెప్పును. సర్వసాధారణముగా పెద్దవారికి దినమునకు అయిదు గ్రాములకు తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాని మనము చరకుని పేరు చెప్పి రొమ్ము విరుచుకొందుమే గాని, చరకుని మాట విని ఆవకాయ జాడీని రోగి కంచమునకు దూరముగా పెట్టము. ఇది పూర్వులయెడ భక్తియా? పూర్వుల పేరును వాడుకొని పూర్వుల మాటను త్రోసివేయుట భక్తి కాదు.

నాటు మందు కదా, చెరుపు లేదు అనువారికి ఒక మాట. గాడిదగడపాకు జాతి మొక్కలలో మూత్రపిండములను ఎండగట్టు ఆమ్లము కలదని, 1993 మొదలు బెల్జియము దేశమున బయటపడిన ఉదంతములు లోకమునకు చాటినవి. గన్నేరులోను, పచ్చగన్నేరులోను డిజిటాలిస్‌కు చుట్టమైన విషమున్నది. తూచక ఇచ్చినచో గుండెను ఆపును. 2004లో అమెరికాలో బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా 14 ఔషధములలో సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి హెచ్చుగా కనబడినది. పాదరసమును మ్రింగించుట ఐరోపా మానుకొన్న పని. దానిని మనము స్వదేశీయని నెత్తికెత్తుకొనరాదు.

నవీనులమని చెప్పుకొనువారు కూడ సంతోషింపనక్కరలేదు. కాళ్లు వాచిన వెంటనే మందుల అంగడికి పోయి, చీటీ లేకుండ, “నీటి మాత్ర” ఇమ్మని అడుగువారు వీరే. మాత్ర వేసికొందురు, మూత్రము పోవును, వాపు తగ్గును, రోగము పోయినదని ఆసుపత్రి మాట మరతురు. మోకాలి నొప్పికి నెలల తరబడి వాడు నొప్పి మాత్రలే ఒంట నీరు నిలుపుననియు, మూత్రపిండములను చెరుచుననియు వీరికి తెలియదు. మాత్ర నవీనము, బుద్ధి మాత్రము 1750 నాటిది. సుశ్రుతుని గొట్టము, జాన్సన్ చాకు, ఈ మాత్ర – మూడును మూలమును అడుగక నీటిని తోడుటలో ఒక్క తీరువి. సుశ్రుతుడైనను తోడిన పిదప యేడాది పథ్యము చెప్పెను; వీరికి అదియును లేదు.

పూర్వులను లెక్కలోనికి లాగుట వారిని కించపరచుట కాదా అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. కాదు. పరీక్షకు నిలువలేనిదానినే పరీక్షనుండి దాచుదురు. సుశ్రుతుడు శవమును నీటిలో నానబెట్టి పొరపొరగా చూచి నేర్వుమని చెప్పిన వైద్యుడు. కన్నులతో చూడనిదానిని నమ్ముమని ఆయన చెప్పలేదు. ఆయనకు నిజమైన వారసుడు ఆయన శ్లోకమును వల్లించువాడు కాదు, ఆయనవలె చూచువాడు. పరాయి ప్రాంతమున అల్పసంఖ్యాకులమై యున్న మనకు గొప్పలు చెప్పుకొనవలెనను కోరిక సహజమే. మన భాషను, మన పేరును నిలుపుకొనుటకు అది ఊతయని తోచును. కాని ఆ ఊతపై ప్రాణమును ఆనించుట కూడదు.

అందుచే మన కుటుంబములకు మేము మూడు మాటలు చెప్పదలచినాము. ఒకటి: ఇంట ఎవరికైనను కాళ్లు వాచినను, ఆయాసము కలిగినను, నీటి మాత్రయు వద్దు, గలిజేరు కషాయమును వద్దు, మొదట మూలము తెలియవలెను. మూత్రపరీక్ష, రక్తపు పోటు చూచుట, గుండె పరీక్ష – ఇవి నడిచి పోదగిన దూరముననే యున్నవి. వాడిన నాటు మందులనన్నిటిని సిగ్గుపడక వైద్యునికి చెప్పవలెను. రెండు: కంచమును చూడవలెను. అన్నపు తెలుపుతో, ఊరగాయ ఎరుపుతో ఇంటి గౌరవమును కొలుచుట మానవలెను. మూడు: ఎవరి ఇంటనైనను తాతల నాటి వైద్య తాళపత్రములు, చేతివ్రాత పుస్తకములు ఉన్నచో అటుకపై చెదలకు వదలక సంఘమునకు తెలుపవలెను. వానిని నకలు తీయించి, మొక్కల పేళ్లు సరిచూపించి, పరీక్షింపగల విద్వాంసులకు అందజేయుట సంఘమునకు ధర్మము. రహస్యమని దాచినది రహస్యముగనే చచ్చును.

ఉత్తర సర్కారుల తీరముననే, శ్రీకాకుళపు ఉద్దానము ప్రాంతమున, మూత్రపిండముల వ్యాధి నేడు వేలమందిని పట్టి పీడించుచున్నది. నీటిని, నేలను, తిండిని, ఎండలోని శ్రమను పరిశోధకులు పరీక్షించుచున్నారు. మూలము ఇంకను తేలలేదు. బెరిబెరి నాటివలెనే ఆ ఊళ్ల వారును మనవారే. వారిని కాపాడునది మన పూర్వుల గొప్పయు కాదు, పరాయివాని గొప్పయు కాదు. ఓపికతో ఇంటింట తిరిగి, ఉన్నది ఉన్నట్లు వ్రాయు ఒక లెక్క పుస్తకము వారిని కాపాడవలెను. ఆ పుస్తకమును పట్టు చేతులు తెలుగు చేతులైనచో, అప్పుడు మనము సభలో చప్పట్లు కొట్టుదము.